అన్నం మెతుకు నుంచి నైలాన్ వల దాకా

బాపట్లలో పుట్టిన సాంబ మసూరి అన్నాన్నీ, ఆ పక్కనే చీరాలలో నేసిన నూలు చీరనూ ఒక రసాయన శాస్త్రవేత్త చేతిలో పెట్టి, చిట్టచివరి ముక్క దాకా విడగొట్టమని అడగండి. రెండింటి నుంచీ ఆయన తీసి చూపించేది ఒకటే పదార్థం, గ్లూకోజు. నీరసించిన మనిషికి సీసాలో ఎక్కించే గ్లూకోజే అది. మెతుకులోనూ అదే, పోగులోనూ అదే. అయినా మెతుకు నోట్లోనే మెత్తబడి కడుపులో అరిగిపోతుంది. చీర చాకిరేవు ఉతుకులన్నీ తిని ఏళ్ల తరబడి నిలుస్తుంది.

తేడా గ్లూకోజులో లేదు. ఒక గ్లూకోజు అణువు పక్కదాన్ని ఏ వైపు నుంచి పట్టుకుందన్న దాంట్లో ఉంది. బియ్యపు పిండిలో ఆ పట్టు వల్ల గొలుసు వంపు తిరుగుతుంది, సుడి చుట్టుకుంటుంది. ఆ సుడుల మధ్యకు వేడినీళ్లు దూరతాయి, నీళ్ల వెంట మన లాలాజలంలోని ఎంజైములు దూరి గొలుసును తెంపుతాయి. పత్తిలో ఒక గ్లూకోజు నిటారుగా ఉంటే పక్కది తలకిందులుగా ఉంటుంది. దాంతో గొలుసు తిన్నగా సాగుతుంది. తిన్నని గొలుసులు పక్కపక్కన ఒత్తుగా పడుకుని ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. నీరు పైపైన తడుపుతుందే గానీ లోపలి గట్టి కట్టల్లోకి వెళ్లలేదు. మన ఎంజైములకు ఆ ముడి విప్పడం రాదు.

ఇలా చిన్న అణువులు వందలు, వేలు, లక్షలుగా కలిసి ఏర్పడిన పొడవాటి అణువునే పాలిమర్ అంటారు. ఈ మాట వినగానే చాలామందికి ప్లాస్టిక్ సంచీ గుర్తొస్తుంది. ఇది నన్ను బాధపెట్టే విషయం. ప్లాస్టిక్ ఈ కుటుంబంలో చివర పుట్టిన బిడ్డ మాత్రమే. అన్నం, పత్తి, పట్టు, తోలు, వెంట్రుక, రొయ్య పెంకు, చివరికి మన కణాల్లోని డీఎన్ఏ కూడా ఈ కుటుంబానివే. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టూ బతుకుతున్న రైతు, శిల్పి, జాలరి రోజంతా ఈ పొడవాటి అణువులతోనే పనిచేస్తారు.

ఇంత పెద్ద అణువులు ఉంటాయని శాస్త్రలోకం ఒప్పుకుని ఎంతో కాలం కాలేదు. 1920లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ స్టాడింగర్ రబ్బరు, పిండిపదార్థం లాంటివి ఏకబిగిన సాగిన పొడవాటి గొలుసులేనని రాశాడు. ఆనాటి పెద్దలకు అది నచ్చలేదు. అవి చిన్న అణువుల గుంపులేననీ, ఏదో బలహీనమైన ఆకర్షణతో ఒకచోట చేరాయనీ వారి నమ్మకం. హైన్రిక్ వీలాండ్ అంతటి పండితుడే, నీ రబ్బరును బాగా శుద్ధి చెయ్యి, అది స్ఫటికంలా గడ్డకడుతుంది, ఈ బృహదణువుల ఆలోచన మానుకో అని స్నేహితుడిగా సలహా ఇచ్చాడు. స్టాడింగర్ మానుకోలేదు. ద్రావణాల చిక్కదనం కొలిచి, గొలుసు పొడవు పెరిగేకొద్దీ ద్రావణం చిక్కబడుతుందని ఏళ్ల తరబడి చూపించాడు. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చేనాటికి నైలాన్, పాలిథీన్, పీవీసీ అప్పటికే కర్మాగారాల్లో తయారవుతున్నాయి.

పొడవు ఎందుకంత ముఖ్యం? కొవ్వొత్తి మైనంలోనూ, పాలిథీన్‌లోనూ ఉన్నది కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. నిర్మాణం కూడా ఒకటే. మైనపు గొలుసులో ఓ ఇరవై నుంచి నలభై కార్బన్లుంటాయి, పాలిథీన్‌లో వేలకు వేలు. మైనాన్ని గోటితో గీకితే రాలిపోతుంది, పాలిథీన్ సాగుతుంది. గిన్నెలో ఉడికిన సేమ్యాను పొట్టి ముక్కలుగా తుంచి వేస్తే చెంచాకు విడివిడిగా వస్తుంది. తుంచకుండా పొడుగ్గా వేస్తే ఒక పోగు పట్టి లాగినా పది పోగులు వెంట వస్తాయి. పొడవాటి అణువులు కూడా ఇలాగే చిక్కుపడి ఒకదానికొకటి ఆసరా అవుతాయి. పాలిమర్ల మీద పనిచేసేవారు ఏ కొత్త పదార్థం చూసినా మొదట తెలుసుకోగోరేవి మూడు: గొలుసు ఎంత పొడవు, దానికి కొమ్మలున్నాయా, ఒక గొలుసుకూ మరో గొలుసుకూ ముడి ఉందా. ఈ మూడింటికీ జవాబు తెలిస్తే ఆ పదార్థం ఎలా ప్రవర్తిస్తుందో సగం పైగా చెప్పేయవచ్చు.

దక్షిణాదిలో ఈ శాస్త్రానికి పునాది వేసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు మన కర్నూలు జిల్లా బిడ్డ ముషి సంతప్పది. మాంచెస్టర్‌లో ఇవాన్స్, యూరి అనే శాస్త్రవేత్తలతో కలిసి, వెలుతురు సాయంతో నీటి ద్రావణంలో గొలుసులు ఎలా మొదలవుతాయో పరిశోధించారు. తిరిగి వచ్చి మద్రాసు విశ్వవిద్యాలయంలో పాలిమర్ రసాయనానికి ఒక బడి కట్టారు. 1967లో భట్నాగర్ బహుమతి అందుకున్నారు. తర్వాత కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థను నడిపారు. తోలు కూడా పాలిమరే కదా. కొలాజెన్ గొలుసుల మధ్య ముడులు వేసి, కుళ్లకుండా చేయడమే తోలు ఊనడం.

ఇక బాపట్ల బియ్యానికి వద్దాం. ఇక్కడి వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. ఈ ఊరి వరి పరిశోధన నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204నే మనం సాంబ మసూరి అంటున్నాం. అందులో మూడు వంశాల రక్తం ఉంది: కోయంబత్తూరు నుంచి జీఈబీ 24, తైవాన్ నుంచి తైచుంగ్ నేటివ్ 1, మలేసియా నుంచి మసూరి. విడుదలైన ఇన్నేళ్ల తర్వాత కూడా దుకాణంలో బియ్యం ధర చెప్పేటప్పుడు దీన్నే కొలమానంగా పెట్టుకుంటారంటే, దాని గొప్పతనం దిగుబడిలో కంటే అన్నంలో ఉంది. ఆ అన్నం గొప్పతనం గొలుసుల అమరికలో ఉంది.

తెల్లబియ్యంలో నూటికి ఎనభై పాళ్లు, ఒక్కోసారి అంతకు పైగా పిండిపదార్థమే. అందులో రెండు రకాల గొలుసులుంటాయి. ఒకటి అమైలోజు. ఇది దాదాపు కొమ్మలు లేని తిన్నని గొలుసు. రెండోది అమైలోపెక్టిన్. ఇరవై, ఇరవై అయిదు గ్లూకోజులకొక కొమ్మ వేసుకుంటూ గుబురుగా పెరిగే మహావృక్షం. ఒక్కో అణువులో లక్షల గ్లూకోజులుంటాయి. ఈ రెంటి పాళ్లే అన్నం తీరును చాలావరకు నిర్ణయిస్తాయి. అమైలోజు బాగా తక్కువగా ఉంటే మెతుకులు ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. ఈశాన్య రాష్ట్రాల జిగురు బియ్యంలో అది ఇంచుమించు ఉండదు. నూటికి 25 పాళ్లు దాటితే అన్నం పొడిపొడిగా వస్తుంది గానీ చల్లారాక గట్టిపడుతుంది. 20 నుంచి 25 మధ్య ఉంటే విడివిడిగానూ ఉంటుంది, మెత్తగానూ ఉంటుంది. సాంబ మసూరి ఈ మధ్య తరగతిది. పప్పు కలిపినా ఒదుగుతుంది, పెరుగు కలిపినా ఒదుగుతుంది. తెలుగువాడి విస్తరికి ఇంతకన్నా ఏం కావాలి!

ఈ పాళ్లను కొలిచే తేలిక పద్ధతిని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో బియెన్వెనీడో హులియానో 1971లో ప్రచురించాడు. పద్ధతికి మూలం అయోడిన్. అమైలోజు సుడి లోపలి బోలులో అయోడిన్ అణువులు వరసగా ఇరుక్కుని ముదురు నీలం రంగు ఇస్తాయి. గుబురు కొమ్మల అమైలోపెక్టిన్ ఎరుపు గోధుమ వన్నె మాత్రమే ఇస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే అమైలోజు అంత ఎక్కువ. ఇంట్లో పిల్లలకు చూపించడం కూడా తేలికే. చల్లార్చిన గంజిలో నీళ్లు కలిపి, పుండు మీద రాసే బెటాడిన్ ఒక చుక్క వేయండి. గంజి నల్లనీలమైపోతుంది. బెటాడిన్‌లో అయోడిన్‌ను పట్టుకుని కొద్దికొద్దిగా వదిలేది కూడా పోవిడోన్ అనే పాలిమరే. ఆ గిన్నెలో ఒక గొలుసు చేతిలోని అయోడిన్‌ను మరో గొలుసు లాక్కుంటుంది.

మన వంటింటి అనుభవాలు చాలావాటికి ఈ గొలుసులే కారణం. కొత్త బియ్యం ముద్దవుతాయనీ, ఏడాది మాగిన పాత బియ్యం పొడుగ్గా, విడిగా ఉడుకుతాయనీ ఏ ఇల్లాలైనా చెబుతుంది. నిలవ ఉన్న కాలంలో గింజలోని మాంసకృత్తుల గొలుసుల మధ్య గంధకపు ముడులు పెరుగుతాయి. అవి పిండి రేణువుల చుట్టూ గట్టి పంజరంలా నిలబడి, ఉడికేటప్పుడు గొలుసులు బయటికి కారిపోకుండా ఆపుతాయి. అన్నం వార్చినప్పుడు వచ్చే గంజి, అలా కారి వచ్చిన పిండి గొలుసుల ద్రావణం. దాన్ని నూలు చీరకు పెడితే బిగుసుకుంటుంది. పిండి గొలుసులకూ పత్తి గొలుసులకూ చుట్టరికం ఉంది గనుక హైడ్రోజన్ బంధాలతో అతుక్కుంటాయి. మగ్గం మీదికి ఎక్కే ముందు పడుగు నూలుకు గంజి పట్టించేదీ ఇందుకే. ఆ పూత లేకపోతే రాపిడికి పోగు నూగు లేచి తెగిపోతుంది. రాత్రి మిగిలిన అన్నం పొద్దుటికి గట్టిపడటం కూడా ఈ కథలో భాగమే. వేడికి చెదిరిన అమైలోజు గొలుసులు చల్లారాక మళ్లీ జతకట్టి వరసలు దిద్దుకుంటాయి. ఆ వరసల్లోకి మన ఎంజైములు అంత తేలిగ్గా దూరలేవు. కాబట్టి చద్దన్నంలో కొంత భాగం చిన్నపేగులో అరగక పెద్దపేగుకు చేరి అక్కడి మేలుచేసే సూక్ష్మజీవులకు తిండి అవుతుంది.

సాంబ మసూరికి ఎండాకు తెగులు అంటే బలహీనత. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదల చేశాయి. ఆ తర్వాత పరీక్షించినప్పుడు, ఈ అన్నం తిన్నాక రక్తంలో చక్కెర పెరిగే వేగాన్ని చెప్పే సూచిక 51 దగ్గర తేలింది. తెల్లన్నానికి ఇది తక్కువ అంకే. మధుమేహం ఇంటింటి చుట్టమైపోయిన మన ప్రాంతంలో, గ్లూకోజు గొలుసు ఎంత నెమ్మదిగా తెగుతుందన్నది ఇప్పుడు ఆరోగ్యశాఖకు సంబంధించిన ప్రశ్న అయింది.

డెల్టాలో వరి కోతల తర్వాత అదే మాగాణి తేమ మీద మినుము వేస్తారు. తెనాలి పప్పు మిల్లుల నుంచి మినపగుళ్లు ఊరూరా వెళతాయి. ఇడ్లీకి మినపపప్పే ఎందుకు, కందిపప్పు ఎందుకు పనికిరాదు? 1970లలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ)లో ఎన్.ఎస్. సుశీలమ్మ, ఎం.వి.ఎల్. రావు ఈ ప్రశ్న పట్టుకున్నారు. మినప రుబ్బులో వేలు పెడితే తీగలు సాగే ఆ బంక, అరబినోగెలాక్టన్ అనే కొమ్మలున్న చక్కెర గొలుసు అని చూపించారు. మినపలోని గ్లోబులిన్ అనే మాంసకృత్తు బుడగల గోడలు కడుతుంది. ఈ బంక ఆ గోడలు ఆవిరి వేడికి కూలిపోకుండా నిలుపుతుంది. రాత్రంతా బ్యాక్టీరియా వదిలిన వాయువు ఆ గోడల మధ్య చిక్కుకుని ఉంటుంది కాబట్టే ఇడ్లీ పొంగుతుంది. మన వంటను ఇంత శ్రద్ధగా, ఇంత గౌరవంగా పరిశీలించిన ఆ పరిశోధన గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేజీ ఉంటే బాగుండేది.

తెనాలికి మరో పేరుంది, విగ్రహాలు. ఇక్కడి శిల్పశాలల్లో కంచు, ఇనుప తుక్కుతో పాటు ఫైబర్ విగ్రహాలు కూడా తయారవుతాయి. మొదట బంకమట్టితో రూపం చేస్తారు, దాని మీద అచ్చు తీస్తారు. అచ్చు లోపల ఒక పూత వేసి, దాని మీద గాజు నారతో చేసిన చాప ముక్కలు పరిచి, కుంచెతో రెజిన్ తడుపుతారు. సీసాలో ఉన్నప్పుడు ఈ రెజిన్ తేనెలా కారుతుంది. కొద్దిగా హార్డ్‌నర్ కలిపితే నిమిషాల్లో చిక్కబడి, వేడెక్కి, రాయి అవుతుంది. లోపల జరిగేది ఇది: రెజిన్‌లో పొట్టి పాలిస్టర్ గొలుసులుంటాయి. వాటి మధ్య పలచటి స్టైరీన్ ద్రవం ఉంటుంది. హార్డ్‌నర్ అనే పెరాక్సైడు, కోబాల్టు లవణం ప్రేరణతో విడిపోయి చురుకైన ముక్కలను వదులుతుంది. ఆ ముక్కలు తాకగానే స్టైరీన్ ఒక గొలుసు నుంచి మరో గొలుసుకు వంతెనలు కడుతూ పోతుంది. చివరికి విగ్రహం మొత్తం ఎడతెగని ఒకే వల అవుతుంది. అంటే ఆ నిలువెత్తు విగ్రహంలో రెజిన్ భాగమంతా దాదాపు ఒకే ఒక్క అణువు! అందుకే దాన్ని ఎంత వేడి చేసినా మళ్లీ కరగదు. మాడుతుంది అంతే.

ఎండాకాలంలో హార్డ్‌నర్ తగ్గిస్తారు, లేకపోతే కుంచె తిరిగేలోపు గడ్డకడుతుంది. ఇది శిల్పులకు చేతి అలవాటుతో తెలిసిన రసాయనం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. హార్డ్‌నర్‌నూ, కోబాల్టునూ రెజిన్ లేకుండా నేరుగా ఒకదానిలో ఒకటి పొయ్యకూడదు, భగ్గుమంటుంది. స్టైరీన్ ఆవిరి తలనొప్పి తెస్తుంది, ఏళ్ల తరబడి పీలిస్తే నరాలకు చేటు. గాలి ఆడే చోటు, మంచి ముసుగు లేకుండా ఈ పని చేయించడం తప్పు.

నిజాంపట్నం రేవులో నీళ్ల మీద తేలే ఫైబర్ పడవలదీ ఇదే పదార్థం. గాజు నార లాగుడును భరిస్తుంది, రెజిన్ ఆ నారలను ఒకచోట నిలిపి ఉప్పునీళ్ల నుంచి కాపాడుతుంది. చెక్కకు పట్టే పురుగు దీనికి పట్టదు. మిశ్రమ పదార్థాల ఈ బలం మన రాష్ట్రాలకు ఇంకోచోట కూడా అక్కరకొచ్చింది. హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలలో అబ్దుల్ కలాం ఉన్న రోజుల్లో, నిమ్స్ వైద్యుడొకరు అక్కడి తేలికపాటి పదార్థం చేత్తో ఎత్తి చూసి, ఆయనను తమ ఆసుపత్రికి తీసుకెళ్లి, మూడు కిలోలు పైబడిన లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచే పోలియో పిల్లలను చూపించారు. కొద్ది రోజులకే 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. తన జీవితంలో గొప్ప ఆనందాల్లో అదొకటని కలాం చెప్పుకునేవారు.

బాపట్ల తీరపు ఇసుక నేలల్లో పాలిమర్ చేసిన మేలు ఇంత ప్రచారానికి నోచుకోలేదు. ఈ నేలల కింద వాన నీరు పలచటి పొరగా, సముద్రపు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఉప్పునీరు కాస్త బరువు గనుక రెండూ తొందరగా కలవవు. లెక్క ఏమిటంటే, మంచినీటి మట్టం సముద్ర మట్టం కన్నా ఒక మీటరు ఎత్తుంటే, దాని అడుగు సముద్ర మట్టానికి దాదాపు 40 మీటర్ల లోతు దాకా ఉంటుంది. తిరగేసి చూడండి. బోరు వేసి లాగి పైమట్టం ఒక్క మీటరు దించితే, కింద ఉప్పునీరు కాలక్రమంలో 40 మీటర్లు పైకి ఎగబాకగలదు. ఆశపడి లోతుగా బోరు వేసిన రైతుకు మొదట తీపి నీళ్లు, తర్వాత ఉప్పు నీళ్లు రావడానికి కారణం ఇదే. పాతకాలం రైతులు ఈ సంగతి పుస్తకాలు లేకుండానే గ్రహించారు. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న దొరువులు తవ్వి, కుండలతో ముంచి పోసుకునేవారు. కానీ దొరువు చాలా చోటు తింటుంది, ఇసుక గట్లు విరిగిపడతాయి.

బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన విభాగం శాస్త్రవేత్తలు ఈ దొరువు బుద్ధినే తీసుకుని మెరుగుపరిచారు. చిల్లులు పెట్టిన పీవీసీ పైపులకు నైలాన్ జాలీ చుట్టి, నేలలో కొద్ది మీటర్ల లోతున అడ్డంగా పరిచి, వాటిలో ఊరిన నీరు మధ్యలోని బావికి చేరేలా చేశారు. పైపొర మీది మీగడ తీసినంత నెమ్మదిగా, విశాలంగా నీరు వస్తుంది గనుక ఉప్పునీరు కదలదు. పైన పొలం పొలంగానే ఉంటుంది. దీన్ని మెరుగుపరచిన దొరువు పద్ధతి అన్నారు. నీరు నిలిచి చౌడు తేలిన డెల్టా పొలాల్లో కూడా ఇక్కడి పరిశోధకులు నేలలో చిల్లుల పైపులు వేసి లవణాలను కడిగి బయటికి పంపే పద్ధతులు పరీక్షించారు.

ఈ పనికి ఇనుప పైపు పనికిరాదు, ఉప్పు నేల దాన్ని తినేస్తుంది. పీవీసీని తినలేదు. దాని గొలుసు పొడవునా రెండేసి కార్బన్లకొకటి చొప్పున క్లోరిన్ అంటుకుని ఉంటుంది. బరువులో నూటికి 57 పాళ్లు క్లోరినే. ఆ క్లోరిన్ వచ్చేది మామూలు ఉప్పు నుంచి. ఉప్పు ద్రావణంలో కరెంటు పంపి విడగొడతారు. చినగంజాం కొఠారుల్లో కుప్పలు పోసే ఉప్పులో ఏ మూలకం ఉందో, సగానికి పైగా ఆ మూలకంతో పుట్టిన పైపే, ఉప్పు నేలలో రైతుకు మంచినీరు తెచ్చిపెడుతోంది. ఈ పీవీసీని ఎండలో ఉంచితే క్లోరిన్ ఊడి, పసుపెక్కి, పెళుసెక్కుతుంది. నేలలో పాతితే దశాబ్దాలు ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసి వాడితే ఇంత నమ్మకమైన నౌకరు మరొకటి లేదు.

బాపట్లలో జీడిమామిడి పరిశోధన కేంద్రం ఉంది, వేటపాలెం జీడిపప్పు పేరు అందరికీ తెలుసు. పప్పు తీశాక మిగిలే పెంకులో చేతులు పొక్కించే నల్లటి నూనె ఉంటుంది. కార్డనాల్ అనే పదార్థం దాని నుంచే వస్తుంది. ఫార్మాల్డిహైడుతో కలిపితే అది వలలా ముడిపడుతుంది. 1920ల నుంచి మోర్టిమర్ హార్వే అనే రసాయనవేత్త అమెరికాలో దీన్ని పరిశ్రమకెక్కించాడు. మోటారు వాహనాల బ్రేకుల్లో రాపిడి వేడిని తట్టుకునే పొడిగా ఇది నేటికీ వాడుకలో ఉంది. జీడిగింజలు ఒలిచే ఎంతోమంది ఆడవాళ్ల వేళ్లు కాల్చిన నూనె ఇది. దాని విలువలో వాళ్లకూ వాటా, చేతికి మంచి తొడుగూ రావాలి.

రేపల్లె దారి పట్టి దక్షిణానికి వెళితే రొయ్యల చెరువులు కనిపిస్తాయి. 2009లో వనామి రకానికి దేశంలో అనుమతి వచ్చాక ఈ సాగు విపరీతంగా పెరిగింది. రొయ్యలో తల, పెంకు కలిపితే బరువులో సగానికి దగ్గర. ఆ పెంకులో సున్నం, మాంసకృత్తులతో పాటు కైటిన్ ఉంటుంది. కైటిన్ అంటే పత్తి గొలుసే, ఒక్కో గ్లూకోజు మీద నైట్రోజన్ ఉన్న చిన్న గుంపు చేరింది. 1811లో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్రాకొన్నో దీన్ని పుట్టగొడుగుల్లో మొదట గుర్తించాడు. ఆమ్లంతో సున్నం కరిగించి, క్షారంతో మాంసకృత్తులు తీసేసి, గాఢమైన కాస్టిక్ సోడాలో వేడి చేస్తే కైటోసాన్ వస్తుంది. వెనిగర్ లాంటి పలచటి ఆమ్లంలో కూడా ఇది కరుగుతుంది, అప్పుడు గొలుసంతా ధనావేశం నిండుతుంది. ఎర్ర రక్తకణాల పైపొరది ఋణావేశం. అందుకే కైటోసాన్ పట్టీ గాయానికి అద్దితే రక్తకణాలు దానికి అతుక్కుని నెత్తురు ఆగుతుంది. ఇలాంటి పట్టీకి అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది, తర్వాత యుద్ధరంగంలో సైనికుల ప్రాణాలు కాపాడింది. మురుగునీటిలోని భారలోహాలను పట్టడానికి, పండ్ల మీద పూతగా, విత్తన శుద్ధికి కూడా వాడుతున్నారు.

దీంట్లో కష్టం లేకపోలేదు. ఆమ్లం, కాస్టిక్ వాడాక మిగిలే నీటిని శుద్ధి చేయకుండా డ్రైనులోకి వదిలితే, రొయ్య తలల కంపు కన్నా పెద్ద ఆపద. అందుకే పరిశోధకులు బెల్లపు మడ్డి వేసి లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాతో పెంకులను పులియబెట్టే దారి చూస్తున్నారు. పెరుగు తోడుకునేదీ ఈ కుటుంబపు బ్యాక్టీరియాతోనే. వాటి ఆమ్లం సున్నాన్ని, ఎంజైములు మాంసకృత్తులను తీసేస్తాయి. నెమ్మదైన పని, శుభ్రతలో రసాయన పద్ధతికి ఇంకా సాటిరాదు. అయినా డెల్టా నీటికి ఇదే మేలని నా అభిప్రాయం.

కైటిన్‌లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వేరే విషయం. రొయ్య పెరిగేకొద్దీ పెంకు విడుస్తూనే ఉంటుంది. సముద్రంలో కోట్ల టన్నుల కైటిన్ ఏటా పుడుతుంది. అయినా సముద్రం అడుగు దానితో నిండిపోలేదు. దాన్ని తెంపే కత్తెరలు, అంటే ఎంజైములు, సముద్రపు బ్యాక్టీరియాకు ఉన్నాయి. పాలిథీన్ పుట్టింది 1933లో, నైలాన్ 1935లో. వాటికి సరిపడా కత్తెర తయారు చేసుకునే వ్యవధి ప్రకృతికి చాలలేదు. నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్‌ను తెంపే బ్యాక్టీరియా ఒకటి జపాన్‌లో దొరికినట్టు 2016లో ప్రకటించారు. అది ఆశ కలిగించే వార్తే గానీ, సముద్రంలో తేలే చెత్తకు అది విరుగుడు కాదు.

ఈ తేడా అందరికన్నా బాగా తెలిసింది జాలరికే. ఒకప్పుడు వలలు జనుము, నూలు పోగులవి. నీళ్లలో బ్యాక్టీరియా వాటి సెల్యులోజును తెంపేది. అందుకే తుమ్మ బెరడు ఉడికించిన కషాయంలో వలలు ముంచి, ఆరబెట్టి, మళ్లీ ముంచేవారు. ఆ వగరు బ్యాక్టీరియాను కొంతకాలం దూరం పెట్టేది. 1950ల చివరి నుంచి నైలాన్ వచ్చి ఈ చాకిరీ అంతా తీసేసింది. సన్నటి పోగు, గట్టి పట్టు, కుళ్లడం అన్నది లేదు. వల తెగి సముద్రంలో మిగిలిపోయినప్పుడు ఆ కుళ్లకపోవడమే శాపమవుతుంది. పట్టేవాడు లేకపోయినా అది చేపలను పట్టి చంపుతూనే ఉంటుంది. సూర్యలంక, నిజాంపట్నం తీరాలకు గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు వలలో చిక్కుకోవడం పెద్ద గండం.

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని దేశమంతా నిషేధించారు. పది నిమిషాల పనికి వందల ఏళ్ల గొలుసు వాడటం అవివేకం కాబట్టి ఆ నిషేధం సబబే. వల సంగతి అలా తేల్చలేం, అది బతుకుతెరువు. కొరియాలో నీటిలో క్రమంగా తెగిపోయే పాలిస్టర్లతో వలలు చేసి వాడుకలో పెట్టారు. నార్వేలో అలాంటి వలలను పరీక్షిస్తే నైలాన్ కన్నా తక్కువ చేపలు పడ్డాయి, పోగు త్వరగా బలహీనపడింది. ఆ నష్టాన్ని పేద జాలరి నెత్తిన వేసి, పర్యావరణం కోసం భరించమనడం న్యాయం కాదు.

ఇప్పటికిప్పుడు చేయదగిన పని ఇంకొకటి ఉంది. వలల్లో ఎక్కువగా వాడే నైలాన్ 6 గొలుసును వేడితో, రసాయనాలతో విప్పి దాని మూలమైన కాప్రోలాక్టమ్‌గా మార్చవచ్చు. దాని నుంచి కొత్తదానితో సమానమైన నైలాన్ మళ్లీ అల్లవచ్చు. ఇటలీకి చెందిన ఒక సంస్థ పాత వలలతో ఈ పని వ్యాపారంగానే చేస్తోంది. తెనాలి విగ్రహంలోని రెజిన్‌కు లేని అదృష్టం ఇది. నిజాంపట్నం రేవులో చిరిగిన వల కిలోకు ఇంతని ధర కట్టి కొనే చోటు ఒకటి పెడితే, జాలరి దాన్ని సముద్రంలో వదిలి రాడు. ఏ పోగు నైలాన్ 6, ఏది పాలిథీన్ అని వేరు చేయడానికి పెద్ద యంత్రాలక్కర్లేదు. నీళ్ల బకెట్లో వేస్తే నైలాన్ మునుగుతుంది, పాలిథీన్ తేలుతుంది.